షామియానా తెరచాప

15-10-2005, శనివారం. పొద్దు వాలాక. కాలువ కట్ట మీద, పాత లాకు దగ్గర. ఉన్నవారు: నీటి సంఘం ఓబులేసు, కాలువ లస్కరు మద్దిలేటి, పరుపులు కుట్టే మౌలాలి, మా తమ్ముడు, నేను. చేని నుంచి వస్తూ ఆగినవాళ్ళు కొందరు. నీళ్ళలో, అంటే బురదలో, పడవ. పడవలో ఆయన.

ఆనాటి నా డైరీ ఇలా మొదలవుతుంది. ఆయన పేరు రాసుకోలేదు. అడిగాను, చెప్పాడు కూడా. కానీ అది సొంత పేరేనని నాకు నమ్మకం కలగలేదు. నమ్మకం కలగనిదాన్ని డైరీలో ఎక్కించే అలవాటు నాకు లేదు.

ఇన్నేళ్ళకు ఆయన మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం ఆ పడవే. పోయిన నెల కళ్ళు చూపించుకోవడానికి కడపకు పోయాను. ఆస్పత్రి ఎదుటి సందులో పెళ్ళిళ్ళకు షామియానాలు, వంటసామాను బాడుగకిచ్చే అంగడి ఉంది. దాని ముందర, మురుగుకాలువ మీద పరిచిన బండల మీద, ఒక చిన్న చెక్క పడవ. దాని నిండా కడిగి బోర్లించిన స్టీలు ప్లేట్లు. నడివీధిలో పడవ ఏమిటని ఎవరూ ఆగి చూడటం లేదు, అందరికీ అలవాటైపోయినట్టుంది. నేను ఆగాను. ముక్కు దగ్గర నూనెడబ్బా రేకు పరిచి మేకులు కొట్టిన మాటు కనబడింది. రేకు మీది వేరుశనక్కాయ బొమ్మ సగం చెరిగిపోయినా నాకు బాగానే గుర్తు.

అంగట్లో ఉన్నతను ఆయన అల్లుడు. మామ పోయిన ఏడు రంజాన్‌కు ముందే కాలం చేశాడని చెప్పి నాకు కుర్చీ వేశాడు. నాది ఏ ఊరో అడిగాడు. చెప్పగానే నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు.

"మీ ఊరి పేరెత్తితే సాలు సార్, మామ నవ్వేటోడు. ప్లేట్లు కడుగుతా కడుగుతా ఒక్కడే నవ్వేటోడు."

"ఎందుకు?"

"అది మాత్రం ఎవురికీ చెప్పల్యా."

పోయినవాడి మీద అనుమానం పెట్టుకోకూడదంటారు. కానీ ఆ నవ్వు సంగతి విన్నాక బస్సులో నాకు కునుకు పట్టలేదు. ఇంటికి రాగానే ఆ ఏటి డైరీ తీశాను.

మా ఊరు కర్నూలు–కడప కాలువ మీద, కర్నూలుకూ నంద్యాలకూ నడుమ ఉంటుంది. ఆ కాలువ మీదే వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, అప్పటికే రిటైరయ్యాను. తెల్లదొరల కాలంలో దాన్ని పడవల కోసం కూడా తవ్వించారు. పడవలను మెట్టు దించడానికి, మెట్టు ఎక్కించడానికి కట్టినవే ఈ లాకులు. మా ఊరి లాకులో ఇప్పుడు గొర్రెలను కడుగుతారు. నౌకరీ అంతా ఆ కట్ట మీదే గడిచినా, కాలువలో పడవ పోవడం నేను ఏనాడూ చూడలేదు.

ఆ ఏడు దసరా వెళ్ళాక ఒక పొద్దున, లాకు దగ్గర ఎవరో పందిరి వేశారని చేనికి పోయినవాళ్ళు చెప్పారు. పోయి చూస్తే పందిరి కాదు, పడవ. దాని మధ్యలో వెదురు బొంగు నిలబెట్టి ఉంది. బొంగుకు తెరచాపగా కట్టింది పాత షామియానా గుడ్డ. ఎర్ర, పసుపు, నీలం పట్టీలు, నడుమ తామరపువ్వు, అంచుకు జాలరు, అన్నీ అట్లాగే ఉన్నాయి. గాలి లేదు. పెళ్ళి అయిపోయిన మర్నాడు విప్పడం మరిచిన గుడ్డలాగా వేలాడుతోంది.

దాని కింద అరవై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. బక్కపలుచన, కత్తిరించిన తెల్ల గడ్డం, చొక్కా కాలరుకు గుచ్చిన సూది. సూదిలో దారం ఎప్పుడూ ఉండేది. కొస వేలాడుతూ ఉండేది. గాలి ఎటు నుంచి వస్తోందో ఆ కొసను చూసి చెప్పేవాడు. కొస కదలకపోతే "వాడింకా లేయల్యా" అనేవాడు. వాడంటే గాలి. అలిగి పడుకున్న బామ్మర్ది గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఆయన తన గురించి చెప్పుకున్నది ఇంతే. కడపలో షామియానాలు కుడతాడు. రంజాన్ నెలలో వాళ్ళలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి పని తక్కువ. బస్సులో, కాలువ మొదలయ్యే సుంకేసులకు వచ్చి, చేపలు పట్టేవాళ్ళ దగ్గర పాత పడవ కొని, కాలువ వెంట ఒక్కడే ఇంటికి పోతున్నాడు. వంతెన వస్తే బొంగు పీకి పడుకోబెడతాడు. నీళ్ళు కిందికి దూకే చోట దారిన పోయేవాళ్ళను బతిమాలి పడవను కట్ట మీదుగా మోయించుకుంటాడు. గాలి ఉంటే గుడ్డ ఎత్తుతాడు. లేకుంటే నీళ్ళు ఎంత దూరం తీసుకుపోతే అంత దూరం. తెడ్డు ఒకటి ఉంది. దాని మీద లుంగీ ఆరేసుకునేవాడు.

ఎందుకు ఇదంతా అని అడిగితే, "చూస్తాండా, అంతే" అనేవాడు.

మా కాలువ కట్ట మీద ఒక కొత్త మనిషి నోట రాకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే. ఎందుకో చెబుతాను.

కాలువ నీళ్ళు ముందు మా కర్నూలు జిల్లా పొలాలు తడిపి, ఆ తర్వాత కడపకు పోవాలి. పోవాలని కాగితం మీద ఉంది. దారిలో కట్ట కడుపున పైపులు ఉన్నాయి. తూము ద్వారా వంతు ప్రకారం వచ్చేవి కాక, ఆ పైపుల గుండా రాత్రీ పగలూ నీళ్ళు పొలాల్లోకి జారుతుంటాయి. మా తమ్ముడి పొలానికీ ఒకటి ఉంది. కట్ట మీద జీపులో పోయే ఆఫీసరుకు జమ్ము, గడ్డి కనబడతాయి. పైపుల మూతులు కనబడవు. అవి కనబడాలంటే నీళ్ళలో కూర్చుని కట్ట వైపు చూడాలి. నిదానంగా పోతూ చూడాలి.

అప్పుడు వరి పొట్టలో ఉంది. ఆ దశలో నీళ్ళు ఆగితే కంకి బయటికి వచ్చినా గింజ పట్టదు, అంతా తాలు. ఓబులేసు ఆ ఏడు సొంత పొలం కాక ఇంకా రెండు చోట్ల కౌలుకు తీసుకుని వరి నాటాడు. అదంతా పైపుల మీదే బతుకుతోంది. పైపులు ఊడబెరికితే అతని ఏడాది పోయినట్టే.

అట్లాంటి సమయంలో కడప మనిషి, పడవలో, ఒక్కడే, నిదానంగా వచ్చి, చూస్తాండా అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఎండిపోతున్న చివరి ఆయకట్టు రైతులు పైపులు గుర్తుపెట్టుకుని రమ్మని పంపారని ఓబులేసు తేల్చేశాడు. పైగా ఆ పడవ మా ఊరు దాటి పోదు. పైనున్న ఊళ్ళన్నీ దాటుకుంటూ వచ్చినవాడు మా ఊరి ముందరే ఆగిపోయాడు.

మొదట మౌలాలిని పంపారు. ఆయన నిజంగా దర్జీ అవునో కాదో తేల్చమని. మౌలాలి చినిగిన పరుపు ఒకటి నెత్తిన పెట్టుకుని పోయి, కొంచెం కుట్టిపెట్టు భాయ్ అన్నాడు. ఆయన కాలరులోని సూది తీసి, అట్లాగే బురదలో నిలబడి, చినుగు ఎక్కడుందో కనబడకుండా కుట్టి ఇచ్చాడు. పరుపును ఓబులేసు ముందర వేసి మౌలాలి అన్నాడు, "కుట్టుపనోడే. సందేహం ల్యా."

"గూఢచారికి కుట్టుపని రాకూడదని యాడుండాది?" అన్నాడు ఓబులేసు.

అయితే నేనే చూసి వస్తానన్నాను.

శుక్రవారం పొద్దున నేనే పోయాను. గొడుగు వేసుకుని లాకు గోడ మీద కూర్చున్నాను. ఆయన నన్ను చూసి, తర్వాత నా గొడుగును చూశాడు. పుల్లలకు గుడ్డను పట్టించిన కుట్టు ఒకచోట వదులైందని, ఇస్తే బిగిస్తానని అన్నాడు. ఇవ్వలేదు. ఉపవాసం ఉన్నాడని పెదవులు చూస్తే తెలుస్తోంది. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంటుంది కదా అని అడిగాను. అడగడంలో నా ఉద్దేశం వేరు. చెప్పే మాటకూ చేసే పనికీ పొత్తు కుదురుతుందో లేదో చూడటం.

"ఇంటికి పొయ్యేదాన్ని ప్రయాణం అంటారా సారూ?" అన్నాడు.

కడప నుంచి సుంకేసులకు పోయింది ప్రయాణం కాదా అన్నాను. పోయింది బస్సు అని, తాను దాంట్లో ఊరికే కూర్చున్నానని చెప్పాడు. బస్సులో ఇంటికి పోతే పూటలో చేరేదానికి ఈ బురదలో పడవెందుకని సూటిగానే అడిగాను. అప్పుడు ఆయన గుడ్డ అంచు చేతిలోకి తీసుకుని, జాలరు సరిచేస్తూ మాట్లాడాడు. నేను ఇంటికి వచ్చి రాసుకున్న మాటలు ఇవి.

"మా పనంతా వాడితో కొట్లాటే సారూ. గుంజ పాతేది, మోకు గట్టేది, వాడు వచ్చి ఎత్తుకపోకుండా రాత్రంతా గుంజ పట్టుకోని నిలబడేది. ఎన్ని పెండ్లిండ్లల్లో పెరికినాడో. ఇంక సాలు, గుడ్డ నీదే, యాడికి ఎత్తుకపోతావో ఎత్తుకపో, నేను గూడా వస్తా అని కట్టినా."

మాట బాగుంది. మరీ బాగుంది. అప్పటికప్పుడు నోటికి వచ్చిన మాటలాగా లేదు, కొలత తీసి ముందే కుట్టిపెట్టుకున్నట్టుంది. నా నౌకరీలో నీళ్ళు దొంగిలించినవాళ్ళు చెప్పిన సాకులు ఎన్నో విన్నాను. నిజం చెప్పేవాడు తడబడతాడు. ఇంత సాఫీగా చెప్పడు. కానీ ఆయన చేతులు చూస్తే మాత్రం గుడ్డ తప్ప ఇంకో ధ్యాస ఉన్నట్టు లేదు. ఏదీ తేల్చుకోలేక లేచి వచ్చాను.

శనివారం సాయంత్రం అందరం చేరాం. నన్ను అడగమన్నారు, కాలువ సంగతులు తెలిసినవాణ్ణని. ఆయన పడవ అంచున కూర్చుని మా వైపు తలలు లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"మీకందరికీ ఒక్క గుడ్డ సాలు సారూ" అన్నాడు.

"మమ్మల్నెందుకు లెక్కపెడతాండావు?" ఓబులేసు ముందుకు వచ్చాడు.

"అలవాటప్పా. నలుగురు ఒకసోట నిలబడుకోనుంటే, పైన గుడ్డ లేకుంటే నాకు తోచదు."

వెనక ఎవరో నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. నేను నా ప్రశ్న అడిగాను. ఇన్ని ఊళ్ళు దాటినవాడివి ఇక్కడే ఎందుకు ఆగావు?

"నేను ఆగల్యా సారూ, పడవ కూసునింది. నీళ్ళు సాలవు. పై ఊర్లో మోకాలి పైకి ఉండాయి. ఈడికొస్తానే దిగిపోయినాయి. యాడికి పోతాండాయో."

మద్దిలేటి తల తిప్పి అవతలి కట్ట మీద కొంగలను చూడటం మొదలుపెట్టాడు. తూములు కాసే లస్కరు కాబట్టి, ఏ పైపు ఎవరిదో అతనికి తెలుసు. మా తమ్ముడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చివరికి ఓబులేసే అన్నాడు:

"యాడికి పోతాయి? మీ కడపకే పోతాయి."

"కడపకు రాలేదప్పా" అన్నాడాయన. "నేను ఆడినుంచే కదా వచ్చింది."

గొంతులో ఎగతాళి లేదు. నేను బాగా గమనించాను. అడిగినదానికి జవాబు చెప్పినట్టే చెప్పాడు. కానీ ఆ ఒక్క మాటతో ఓబులేసు మొహం రంగు మారిపోయింది. అన్నీ చూసేశాడని అందరికీ అర్థమైపోయింది, లేదా అర్థమైందనుకున్నారు.

ఇంతలో పొద్దు కుంకింది. ఊళ్ళో మసీదు నుంచి నమాజు పిలుపు వినబడింది. మౌలాలి ఇంటి నుంచి సత్తుగిన్నెలో గంజి తెప్పించాడు. ఆయన సంచిలోంచి ఖర్జూరాలు తీసి, తాను ఒకటి నోట్లో వేసుకునే ముందు మా అందరికీ పంచాడు. ఓబులేసు తీసుకోవాలా వద్దా అని కొంతసేపు చూసి, తీసుకుని, తినకుండా జేబులో వేసుకున్నాడు. ఆయన గంజి తాగేదాకా విచారణ ఆగింది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే ఆగింది.

ఆ తర్వాత తీర్మానం ఓబులేసే చెప్పాడు. పడవ కోతలు అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. మనిషి రేపు పొద్దున బస్సెక్కి కడపకు పోవాలి. కోతలు అయ్యాక వచ్చి తీసుకుపోవచ్చు. నేను అడ్డు చెప్పలేదు, ఔననీ అనలేదు. కాలువలో పడవ నడపకూడదనే రూలు నాకు తెలిసి ఏదీ లేదని మాత్రం చెప్పాను. రూలు ఎవురడిగినారు సారూ అన్నాడు ఓబులేసు.

ఆయన మొదటిసారి కలవరపడింది అప్పుడే. పడవ వైపు, గుడ్డ వైపు చూసుకున్నాడు. కాలరులోని దారం కొస రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. కోతల నాటికి కాలువ కట్టేస్తారని, ఎండిన కాలువలో పడవ తనకు ఎందుకని నన్ను అడిగాడు. నిజమే, అప్పటికి నీళ్ళుండవు. మళ్ళీ ఏడు తనకు ఓపిక ఉంటుందో లేదో తెలియదన్నాడు.

"శానా నీళ్ళేం వద్దు సారూ. జానెడు పెరిగితే సాలు, లేసి పోతాది."

"నీళ్ళు మా చేతిలో ఉండాయా?" అన్నాడు ఓబులేసు.

అని, లాకు పక్కన ఉన్న రాతి గుంజకు పడవను మోకుతో కట్టేశాడు. ముడి మీద ముడి, దాని మీద ముడి. ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు. పని పాడుచేస్తున్న కుర్రవాణ్ణి మేస్త్రీ చూసినట్టు చూశాడు.

"ముడి ఏసేటప్పుడే ఎట్ల ఇప్పాల్నో తలుసుకోవల్లప్పా" అన్నాడు మెల్లగా.

"దీన్ని ఇప్పే పనిల్యా."

అందరం ఇళ్ళకు మళ్ళాం. దారిలో ఎవరి మాట వాళ్ళు మింగుతున్నారు. నాకు తోచింది ఏమంటే, తీర్మానంలో ఉన్న తప్పు ఎవరికి వాళ్ళకు విడిగా తట్టింది. రేపు బస్సెక్కినవాడు కడపలో దిగి ఊరుకుంటాడా? ముందు నంద్యాలలోనే దిగి కాలువ ఆఫీసుకు పోతాడు. ఎల్లుండికి జీపు వస్తుంది. వచ్చేది ఎట్లాగూ వస్తుంది. వచ్చినప్పుడు పక్కవాడి పైపు దొరకాలి, తన పైపు దొరకకూడదు. ఈ ఆలోచన ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెబితే పక్కవాడూ జాగ్రత్త పడతాడు.

మా తమ్ముడు రాత్రి సగం అన్నంలోనే లేచి, పార, రెండు పాత గోనెసంచులు తీసుకున్నాడు. ఎక్కడికని అడిగాను. గట్టు తెగిందేమో చూసి వస్తానన్నాడు. ఆ రాత్రి ఇంకా ఎందరి గట్లు తెగాయో నాకు తెలియదు. నేను పడుకున్నాను. చూడనిదాన్ని రాయను.

16-10-2005, ఆదివారం. తెల్లారగానే మామూలుగా నడకకు కట్ట మీదికి పోయాను. లాకు చేరకముందే తేడా తెలిసింది. నీళ్ళ చప్పుడు మారింది. నిన్న రాళ్ళ మధ్య నుంచి గొణుక్కుంటూ పోయిన కాలువ ఇప్పుడు ఒడ్డు మీది గడ్డిని వంచుకుంటూ, నిండుగా, మాట్లాడకుండా పోతోంది. ఎర్రటి నీళ్ళు కడప దిక్కుగా పోతున్నాయి.

పడవ లేచి ఉంది. బురద వదిలి, అటూ ఇటూ ఊగుతోంది. ఆయన బొంగు బిగించి, గుడ్డ పైకి లాగుతున్నాడు. కట్ట మీద నాకంటే ముందే సగం ఊరు ఉంది. ఓబులేసు పంచె తొడల దాకా బురద. మద్దిలేటి మోచేతుల దాకా బురద. మా తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఒకరి కాళ్ళను ఒకరు చూసుకుంటున్నారు. ఎవరి పైపు వాళ్ళు గోనెలు కుక్కి దాచుకుని, పక్కవాళ్ళందరివీ తెరిచే ఉంటాయనుకుని వచ్చినవాళ్ళు. ఊరంతా ఒకే రాత్రి అదే పని చేసిందని వాళ్ళకు ఇప్పుడే తెలుస్తోంది.

పడవను ఆపమని ఎవరైనా అనాలి. అనాలంటే నీళ్ళు ఎట్లా పెరిగాయో మాట్లాడాల్సి వస్తుంది.

ఆయన దారం కొస చూసుకున్నాడు. అది ఈశాన్యం గాలికి కొద్దిగా కదిలింది. "వాడు లేసినాడు సారూ" అని నాకు చెప్పాడు. తర్వాత కట్ట పొడుగునా నిలబడిన జనాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు.

"ఇప్పుడైతే రెండు గుడ్డలు కావల్ల" అన్నాడు. "మీ ఊరోళ్ళు శానా మంచోళ్ళు. జానెడు అడిగితే జానెడు ఇచ్చినారు."

ఈ మాట అన్నప్పుడు ఆయన నవ్వాడా లేదా అన్నది నేను చూడలేకపోయాను. అప్పుడే గుడ్డ నిండి, తామరపువ్వు మాకూ ఆయనకూ మధ్యకు వచ్చింది. గుడ్డ అడ్డం తొలిగేసరికి పడవ మలుపు దగ్గర ఉంది. ఆయన పైపులున్న కట్ట వైపు చూడటం లేదు. పైకి, గుడ్డను చూస్తున్నాడు. అది నాకు అప్పుడు ఊరటగానే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, చూడవలసినవన్నీ ఎప్పుడో చూసేసినవాడు కూడా అట్లాగే పైకి చూస్తాడు.

జీపు ఆ వారం రాలేదు, ఆ నెలంతా రాలేదు. మావాళ్ళు మాత్రం అది వస్తుందనే భయంతో కొన్నాళ్ళు పైపుల జోలికి పోలేదు. తూము కింద వంతు పెట్టుకుని, తిట్టుకుంటూ, పొలాలు తడుపుకున్నారు. ఓబులేసుకు కొంత తాలు పోయింది, మిగిలింది ఇంటికి వచ్చింది. దిగువన ఆ కొన్నాళ్ళూ నీళ్ళు బాగా వచ్చాయని విన్నాను. ఎవరి కోసం వచ్చాడో, దేనికి వచ్చాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అల్లుడు చెప్పిన నవ్వు ఒకటే తూకంలో కొత్తగా పడింది. అది ఎటు మొగ్గుతుందో నాకు తెలియదు.

ఆ పొద్దున పడవ మలుపు తిరిగాక ఓబులేసు రాతి గుంజ దగ్గరకు పోయాడు. అతను వేసిన ముడులు మూడూ అట్లాగే ఉన్నాయి. పడవ వైపు ఆయన వేసుకున్న కొస మాత్రం ఒక్క లాగుడుకు ఊడినట్టు, ముడత కూడా లేకుండా నీళ్ళలో తేలుతోంది. మోకు చుట్టుకుందామని గుంజకున్న ముడి విప్పడానికి చూశాడు. రాలేదు. గోళ్ళతో, పళ్ళతో చూశాడు. చివరికి జేబులో చెయ్యి పెట్టి, నిన్నటి ఖర్జూరం తీసి, మా ఎవరి మొహమూ చూడకుండా తిని, గింజను కాలువలోకి ఉమ్మేశాడు.

నేను ఇంటికి వచ్చి, రోజూ రాసేటట్టే నీటిమట్టం రాశాను. జానెడు పెరిగినది. కారణం తెలియదు.